సాగరతీరం – సింహగిరి: పూటయాత్రలో మరుగునపడుతున్న పాఠం

తీర్థశబ్దం తరణార్థకమైన తౄ ధాతువు నుండి పుట్టినది. దాటించునది తీర్థం. అమరకోశం ఈ శబ్దానికి ఋషులు సేవించిన జలాన్నే గాక శాస్త్రాన్ని, గురువును కూడా అర్థాలుగా చెప్పింది. నీరు, శాస్త్రం, గురువు ఒకే మాటలో ఇమిడిన ఈ అర్థవైశాల్యం ప్రాచ్యవిద్యను బోధించే కళాశాలలకు కొత్త విషయం కాదు. నానార్థవర్గాన్ని వల్లించిన విద్యార్థి ఎవరైనా దీనిని ఎరుగును. అయితే ఆ విద్యార్థినే తీర్థయాత్రకు తీసుకొనివెళ్లినప్పుడు ఈ మూడింటిలో నీరు ఒక్కటే మిగిలి, శాస్త్రమూ గురువూ బస్సులోనే ఉండిపోవడం విచారింపదగిన విషయం.

ఓరుగల్లు నుండి విశాఖపట్టణం ఒక రాత్రి రైలు ప్రయాణం. సంస్కృతాంధ్ర కళాశాలల విద్యార్థి బృందాలు విజ్ఞానయాత్ర పేరిట ఆ వైపు వెళ్లినప్పుడు కార్యక్రమంలో ఒక పూటను భీమునిపట్టణానికీ సింహాచలానికీ కలిపి కేటాయించడం సాధారణం. ఉదయం సముద్రతీరంలో స్నానం, ఆటపాటలు, అక్కడినుండి కొండకు ప్రయాణం, వరుసలో నిరీక్షణ, వరాహలక్ష్మీనృసింహస్వామి దర్శనం, ప్రసాదస్వీకారం, మధ్యాహ్నానికి తిరుగుముఖం. యాత్రానంతరం సమర్పించే నివేదికలో సముద్రం వినోదం కిందకు, కొండ దైవదర్శనం కిందకు చేరుతాయి. రెండూ అభిలషణీయాలే. యౌవనంలో ఉన్నవారికి సముద్రస్నానం ఆనందాన్ని, ఆస్తికులకు దైవదర్శనం తృప్తిని ఇస్తాయి. కాని విజ్ఞానం అనే మూడవ శీర్షిక కింద వ్రాయడానికి ఏమీ మిగలకపోతే ఆ యాత్రకు ఆ పేరు ఎందుకన్న ప్రశ్న సహజంగా ఉదయిస్తుంది.

పూట కాలం చాలకపోవడమే దీనికి కారణమని కొందరి అభిప్రాయం. అది పాక్షికసత్యం మాత్రమే. సముద్రం ఒక విషయం, కొండ మరొక విషయం అన్న విభాగదృష్టియే అసలు లోపం. ఆ రెండింటిని ఏకసూత్రంలో కూర్చిన సంప్రదాయం ఆ కొండ చుట్టూనే సజీవంగా ఉన్నది. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు తొలిపావంచా వద్ద బయలుదేరి, పౌర్ణమి నాటికి ముగిసే సింహగిరి ప్రదక్షిణం సుమారు 32 కిలోమీటర్ల పాదయాత్ర. ఆ మార్గం అడవివరం మీదుగా సాగి సముద్రతీరానికి చేరుతుంది. భక్తులు అక్కడ సముద్రస్నానం చేసి, తిరిగి కొండను చేరుకొంటారు. సముద్రాన్ని స్పృశించనిదే గిరి ప్రదక్షిణం పూర్తి కాదని భావించే సామాన్య యాత్రికునికి, ఆ రెండింటినీ వేర్వేరు శీర్షికల కింద నమోదు చేసే విద్యావంతునికి మధ్య ఉన్న అంతరం ఇక్కడ స్పష్టం. ఈ విషయంలో పాఠం నేర్వవలసినది విద్యావంతుడే.

తెలంగాణపు విద్యార్థికి సముద్రం దూరమైనది, పరాయిది అన్న భావన కూడా చారిత్రకంగా నిలువదు. ఓరుగంటిని ఏలిన కాకతి గణపతిదేవుడు నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో శకవర్షం 1166, అనగా క్రీ.శ. 1244-45లో వేయించిన అభయశాసనం సుప్రసిద్ధం. తుపానుకు చిక్కి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారనీ, ప్రాణం కంటె ధనం మిన్నగా భావించి సముద్రంపై సాహసించే వర్తకులకు తాను నిర్ణీతసుంకం తప్ప సర్వస్వాన్నీ వదలుతున్నాననీ గణపతిదేవుడు అందులో ప్రకటించినాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పదింట ఒక వంతు. సుంకపు పట్టికలో గంధం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, పన్నీరు, దంతం వంటి వస్తువులు కనిపిస్తాయి. రాజధాని సముద్రానికి ఎంత దూరంలో ఉన్నా రాజశాసనం సముద్రతీరంలో నిలిచినది. ఓరుగల్లు కళాశాలలో చదివే విద్యార్థి సముద్రం ముందు నిలిచినప్పుడు జ్ఞప్తికి రావలసిన మొదటి గ్రంథం ఆ రాతిస్తంభమే.

ఆ సుంకపు పట్టికలోని పదార్థాలను మనస్సులో నిలుపుకొని సింహగిరిని ఎక్కినవానికి ఆలయం మరొక విధంగా దర్శనమిస్తుంది. ఇక్కడి స్వామి నిత్యం చందనంతో ఆచ్ఛాదితుడు. వైశాఖ శుద్ధ తదియ, అనగా అక్షయతృతీయ నాడు మాత్రమే ఆ పూతను తొలగించి నిజరూపదర్శనం కలిగిస్తారు. పిదప ఆషాఢ పౌర్ణమి వరకు నాలుగు విడతలుగా చందనసమర్పణ జరుగుతుంది. విజయనగర సమ్రాట్టు శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రాసమయంలో 1516లో ఈ కొండకు వచ్చి 991 ముత్యాల హారాన్ని స్వామికి సమర్పించినట్లు శాసనస్థం. 1519లో ఆయన మరల వచ్చినాడు. ముత్యం సముద్రంలో పుట్టును. కర్పూరచందనాదులు ఓడలలో రేవులకు చేరును. తుదకు ఆ ద్రవ్యాలన్నీ కొండ ఎక్కి దేవుని సన్నిధిలో విశ్రమించును. మోటుపల్లిలో దిగిన గంధమే సింహగిరికి చేరినదని ఎవరూ అనబోరు. రేవు, కోట, కోవెల ఒకే వ్యవస్థలోని మూడు అంగాలన్న విషయం మాత్రం ఈ రెండు శాసనాలను పక్కపక్కన ఉంచి చదివితే విద్యార్థికి ఎవరూ చెప్పకుండానే బోధపడుతుంది.

సింహాచల ఆలయంలోని శాసనాలు సుమారు 500. క్రీ.శ. 1098-99 నాటి కులోత్తుంగ చోళుని కాలపు శాసనం వీనిలో ప్రాచీనమైనది. తూర్పు గాంగ వంశీయుడైన మొదటి నరసింహదేవుని కాలంలో ఆలయం నేటి రూపాన్ని సంతరించుకొన్నది. ఆ నిర్మాణాలను 1267-68 నాటి శాసనం పేర్కొంటున్నది. అఖండదీపానికి ఆవులను ఇచ్చినవారు, భోగానికి భూమిని ఇచ్చినవారు, పూలతోటలు వేయించినవారు, పాడేవారికీ ఆడేవారికీ జీవితాలు ఏర్పరచినవారు ఈ గోడలపై తమ పేర్లను, తిథివార నక్షత్రాలను, ధర్మం తప్పినవారికి శాపాన్ని చెక్కించి వెళ్లినారు. శబ్దశాస్త్రజ్ఞునికి ఇక్కడ కళింగాంధ్రపు వాడుక మాటలు, జ్యోతిషాన్ని చదివినవానికి కాలగణనం, ధర్మశాస్త్రవిద్యార్థికి దానవిధులు, ఛాందసునికి శ్లోకరచన, సంగీతప్రియునికి ఆలయసేవకుల చరిత్ర లభిస్తాయి. ప్రాచ్యకళాశాల పాఠ్యప్రణాళికలోని దాదాపు ప్రతి విషయానికీ ఈ గోడలపై ఉదాహరణ ఉన్నది. పెక్కు శాసనాలు దక్షిణ భారత శాసనాల ఆరవ సంపుటంలో ముద్రితమై చాలకాలమైనది. అయినను విద్యార్థి ఆ గోడలకు వీపు ఆనించి వరుసలో నిలబడి, వెనుక ఏమున్నదో తిరిగి చూడకుండానే ముందుకు కదలిపోతున్నాడు.

ఓరుగల్లుకూ సింహగిరికీ మధ్య రాజకీయ బంధం కంటె గాఢమైన సారస్వత బంధం మరొకటి ఉన్నది. తెలుగులో వచనరచనకు ఆద్యుడుగా కీర్తింపబడే కృష్ణమాచార్యుడు సింహగిరి నరహరిని సంబోధిస్తూ వచనాలు చెప్పినాడు. అతడు క్రీ.శ. 1289 నుండి 1323 వరకు ఓరుగంటిని పాలించిన ప్రతాపరుద్రుని సమకాలికుడని సాహిత్యచరిత్రకారుల నిర్ణయం. ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రలో అతని ప్రసక్తి ఉన్నది. తాళ్లపాక చిన తిరుమలాచార్యుడు తన సంకీర్తన లక్షణంలో అతనిని స్మరించినాడు. సంప్రదాయం నాలుగు లక్షల వచనాలను అతనికి ఆపాదిస్తున్నది. లభించినవి అందులో అత్యల్పం. పద్యపు యతిప్రాసలు లేక, కేవల గద్యపు నడకా కాక, లయాన్వితమై గానానికి అనువైన ఆ రచనాప్రక్రియ తరువాతి సంకీర్తనవాఙ్మయానికి మార్గదర్శకమైనది. పాల్కురికి సోమనాథుడు ద్విపదకు గౌరవం కల్పించిన యుగంలోనే, అదే కాకతీయ ఛాయలో, ఒక వైష్ణవభక్తుడు వచనానికి గౌరవం తెచ్చినాడు. ఆ ఇద్దరినీ జంటగా బోధించవలసిన బాధ్యత ఓరుగల్లు ప్రాంతపు కళాశాలలకు తక్కినవారి కంటె హెచ్చు. సోమనాథుని పాలకుర్తికి విద్యార్థులను తీసుకొనివెళ్లే ఆచార్యులు సింహాచలం వెళ్లినప్పుడు కృష్ణమాచార్యుని పేరైనా తలచకపోవడం అనాలోచితమే గాని ఉద్దేశపూర్వకం కాదు. అయినా నష్టం నష్టమే.

ఆ కొండను ఆశ్రయించిన మరొక కవి గోగులపాటి కూర్మనాథుడు. 18వ శతాబ్దంలో పరసేనలు ఆ ప్రాంతంపై పడినప్పుడు ఆ కవి స్వామిని నిందాపూర్వకంగా నిలదీస్తూ సింహాద్రి నారసింహ శతకాన్ని చెప్పినాడనీ, అంతట తుమ్మెదల దండు వచ్చి ఆ సేనలను తరిమినదనీ ప్రతీతి. ఐతిహ్యం ఐతిహ్యమే. కాని నిందాస్తుతి అనే అలంకారాన్ని పుస్తకంలోని లక్షణవాక్యంతో బోధించడానికీ, ఆ నింద పుట్టిన కొండమీద నిలబడి బోధించడానికీ గల భేదాన్ని అనుభవజ్ఞులైన అధ్యాపకులు ఎరుగుదురు.

ఇక భీమునిపట్టణాన్ని కేవలం ఇసుకతిన్నెలుగా భావించడం కూడా పొరపాటే. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని ఇక్కడ సముద్రంలో కలుస్తున్నది. నదీసాగరసంగమం గనుక శాస్త్రరీత్యా ఇది తీర్థమే. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తకస్థావరం నెలకొల్పుకొన్నారు. 1825లో అది ఆంగ్లేయుల వశమైనది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్టణమిది. డచ్చివారి శ్మశానవాటికలోని సమాధిఫలకాలు కూడా శాసనాలే. దూరదేశం నుండి వచ్చి ఈ తీరంలో కన్నుమూసినవారి పేర్లు, మరణకాలాలు వానిపై ఉన్నవి. ఆలయశాసనం దాత పేరును శాశ్వతం చేయగోరుతుంది, సమాధిఫలకం మృతుని పేరును శాశ్వతం చేయగోరుతుంది. కాలాన్ని జయించాలన్న మానవుని కోరిక రెండింటిలో ఎట్లు భిన్నరూపాలు ధరించినదో పోల్చి వ్రాయడానికి విద్యార్థికి అది చక్కని అంశం.

పట్టణానికి సమీపంలోని పావురాలకొండకు నరసింహస్వామి కొండ అని మరొక పేరు. నృసింహాలయం ఉన్న ఆ కొండమీదనే ప్రాచీన బౌద్ధావశేషాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నవి. విశాఖ నుండి భీమునిపట్టణానికి పోయే తీరమార్గంలో తొట్లకొండ, బావికొండ అనే మరి రెండు బౌద్ధక్షేత్రాలు కలవు. తొట్లకొండలో రాష్ట్ర పురావస్తుశాఖ 1988 నుండి 1993 వరకు త్రవ్వకాలు జరిపి విహారాలను, స్తూపాలను, బ్రాహ్మీలిపిలోని శాసనాలను వెలికితీసినది. సముద్రం కనిపించే కొండను ఆశ్రయించాలన్న తలంపు ఒక మతానికి పరిమితమైనది కాదు. భిక్షువు గాని, భాగవతుడు గాని ఎత్తైన చోటునే ఎన్నుకొన్నాడు. దిగువ రేవులో వచ్చిపోయే వర్తకుని దానంతో నిలిచినాడు. సాగరతీరానికీ గిరిశిఖరానికీ గల సంబంధం రెండు వేల సంవత్సరాల నాటిదన్నమాట.

ఈ వాదానికి ఆక్షేపణలు లేకపోలేదు. దర్శనానికి వచ్చినవారిని గోడల ముందు నిలబెట్టి చరిత్ర చెప్పడం భక్తిభావానికి భంగకరమన్నది మొదటిది. శాసనాలు వేయించినవారు భక్తులే. వారి పలుకులను చదవడం భక్తికి విరోధం కాజాలదు. పైగా దాత పేరు చదువబడినంత కాలం ఆ దానం జీవించి ఉంటుందన్న విశ్వాసంతోనే వారు రాతిని ఆశ్రయించినారు. ఆలయంలో రద్దీ అధికం, ఆగి చదవడానికి వీలుండదన్నది రెండవది. ఇది సమంజసమైన ఆక్షేపణయే. అందుకనే చదవడం ముందుగా కళాశాలలో, ముద్రితపాఠం ఎదుట జరగాలి. కొండమీద జరగవలసినది గుర్తుపట్టడం మాత్రమే. అధ్యాపకులకే ప్రాచీనలిపి పరిచయం లేదన్నది మూడవది. పైకి వినబడకపోయినా బలమైనది ఇదే. వ్యాకరణాలంకారాలలో నిష్ణాతులైన పండితులు సైతం తెలుగు లిపిపరిణామాన్ని అభ్యసించే అవకాశం లేక శాసనం ముందు నిరక్షరులవలె నిలవవలసిరావడం వారి దోషం కాదు, పాఠ్యప్రణాళిక దోషం. కాని ఆ దోషాన్ని దిద్దగల వారు కూడా వారే. శాసనభాషలోని సంస్కృతాన్ని, పాతతెలుగును అర్థం చేసుకొనే శక్తి ప్రాచ్యవిద్యలో ఆరితేరినవారికి ఉన్నంతగా మరెవరికీ లేదు. కొరవడినది అక్షరాల ఆకృతి పరిచయం ఒక్కటే. ఒక వేసవి పాటు ఓపిక పట్టితే అది పట్టుబడని విద్య కాదు.

యాత్రకు పూర్వాభ్యాసం కోసం దూరం పోవలసిన అవసరం కూడా లేదు. సముద్రం లేకపోయినా నీటి ఒడ్డున కొండ, కొండమీద కోవెల హనుమకొండలోనే ఉన్నవి. పద్మాక్షి గుట్ట పాదంలో జలాశయం, పైన అమ్మవారి ఆలయం, రాతిపై జైన తీర్థంకరుల శిల్పాలు, రెండవ ప్రోలరాజు కాలంలో 1117లో వేసిన శాసనం అక్కడ కలవు. మంత్రి బేతన భార్య మైలమ ఆ కొండమీద కడలాలయ బసదిని కట్టించి భూమిని దానం చేసిన వృత్తాంతం అందులో ఉన్నది. బతుకమ్మ పండుగ నాడు వేలాది స్త్రీలు ఆ గుట్ట పాదంలో చేరి ఆడిపాడుతారు. తొమ్మిది వందల సంవత్సరాల క్రితం ఒక స్త్రీ చేసిన దానం ఆ గుట్టపైననే రాతిలో నిలిచి ఉన్నదన్న సంగతి వారిలో ఎందరికి తెలియజేసినామని విద్యాసంస్థలు ప్రశ్నించుకోవాలి. ఆ సమీపంలోనే వేయిస్తంభాల గుడి ఉన్నది. రుద్రదేవుడు 1163లో వేయించిన అక్కడి సంస్కృతశాసనాన్ని రచించినవాడు అచింతేంద్రుడు. అది కావ్యగుణం గల రచన. సాహిత్యవిద్యార్థికి ప్రత్యేకపాఠంగా నిర్ణయించదగినది. ఈ రెండింటినీ సొంత ఊరిలో ఒక పూట చదివిన విద్యార్థి సింహగిరిపై అపరిచితుడు కాడు.

కావున చేయవలసినది బృహత్కార్యం కాదు. యాత్రకు ముందు నెలరోజులలో ఒక్కొక్క విద్యార్థికి సింహాచల శాసనాలలో ఒక్కొక్కటి అప్పగించి, అర్థతాత్పర్యాలు వ్రాయించవచ్చును. కొండమీద అతడు దర్శనానంతరం తన శాసనం ఉన్న చోటును వెదికి, ముద్రితపాఠంతో సరిపోల్చుకొనవచ్చును. కృష్ణమాచార్యుని వచనాలను కొన్ని ముందుగా గానయోగ్యంగా అభ్యసింపజేసి, కొండ దిగిన తరువాత సముద్రతీరంలో బృందంగా పాడించవచ్చును. తిరిగివచ్చిన తరువాత వ్రాసిన వ్యాసాన్ని పరీక్షలో కొన్ని అంకాలకు యోగ్యంగా పరిగణించే ఏర్పాటును విశ్వవిద్యాలయ పాఠ్యనిర్ణాయక మండలులు ఆలోచించవలెను. అంకాలు లేని విషయానికి విద్యార్థి కాలం వెచ్చించడన్నది అందరూ ఎరిగిన సత్యం. ఆ సత్యాన్ని నిందించుటకంటె వినియోగించుకొనుట వివేకం. దీనికి అదనపు వ్యయం లేదు, అదనపు దినం అక్కరలేదు. అదే పూట, అదే బస్సు, అదే దారి.

ప్రాచ్యవిద్య నేటి సమాజానికి ఎందుకన్న ప్రశ్న తరచు వినబడుతున్నది. దానికి సభలలో చెప్పే సమాధానాలు ఎవరినీ తృప్తిపరచడం లేదు. వరుసలో నిలబడిన వేలాది యాత్రికుల మధ్య ఒక విద్యార్థి గోడవైపు తిరిగి, ఇది ఫలానా సంవత్సరంలో ఫలానావారు అఖండదీపానికి ఇచ్చిన దానమని పక్కనున్న వృద్ధురాలికి చదివి వినిపించగలిగిన నాడు ఆ ప్రశ్నకు సమాధానం దానంతటదే లభిస్తుంది. ఆ శక్తి మరే విద్యాశాఖలోనూ ఇంత సహజంగా అలవడదు. దానిని చేతులారా జారవిడుచుకొంటే ఆ ప్రశ్నకు ఇక సమాధానం ఉండదు.

సింహగిరి స్వామి నిజరూపం ఏడాదికి ఒక్కనాడే దర్శనీయం. ఆ నియమం ఆగమసంప్రదాయానికి చెందినది, పూజ్యమైనది. గోడలపైని అక్షరాలకు అట్టి నియమం ఏదీ లేదు. వానిని కప్పియున్నది చందనం కాదు, చదువుకొన్నవారి ఉపేక్ష. ఆ పూతను తొలగించడానికి అక్షయతృతీయ వరకు వేచియుండనక్కరలేదు. సముద్రజలం భీమునిపట్టణంలో ఉన్నది. శాస్త్రం సింహగిరి గోడలపై ఉన్నది. ఆ రెంటి నడుమ గురువు కూడా బస్సు దిగి నిలిచిననాడు అమరకోశం చెప్పిన తీర్థశబ్దం ఒక్క పూటలోనే సార్థకమవుతుంది.